ఆమేన్ అన్న తర్వాత

"బయటికి రమ్మను మీ మామను," అంది ఆదిలక్ష్మమ్మ గడప మీద కాలు పెట్టి. "ఆదివారం అంత గొంతెత్తి ప్రార్థన చేసిన మనిషికి ఇప్పుడు మాట పడిపోయిందా?"

ఫెబీ ఊడుస్తున్న చీపురు పక్కన పెట్టింది. లోపల మంచం మీద మామ కరుణాకరం గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదని ఇంట్లో అందరికీ తెలుసు. అత్త ప్రేమకుమారి పొయ్యి దగ్గర కూర్చుని ఆరిపోయిన పొయ్యినే ఊదుతోంది.

కాలనీ బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఆదిలక్ష్మమ్మే. బడి పోతే ఆమె పని పోతుంది. ఊరి బడిలో వండేవాళ్ళు వేరే ఉన్నారు, ఈమెను రానివ్వరు. ఆ మాట ఆమె ఈ వారంలో చెప్పని ఇల్లు లేదు.

"ఆయన కావాలని చేసినాడా అక్కా?" అంది ఫెబీ.

"కావాలని చేస్తే తిట్టుకోని ఊరుకుందును. తెలియక చేసినాడని తెలిసి ఎవర్ని తిట్టాలో అర్థంగాక నీ గడప కాడికి వచ్చినా."

కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది. తిట్టి వెళ్ళినా బాగుండేదని ఫెబీకి అనిపించింది.

ఆ ఆదివారం జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఆరాధన అయి జనం ఇంకా చర్చి ముందు ఉండగానే మండల విద్యాధికారి కారు దిగాడు. కూలి జనం ఇంటిపట్టున దొరికేది ఆదివారమేనని ఆయనకు ఎవరు చెప్పారో గానీ సరిగ్గానే చెప్పారు. కాలనీ బడిని మార్కాపురం రోడ్డు అవతలున్న ఊరి బడిలో కలుపుతామనీ, అందుకు తల్లిదండ్రుల కమిటీ అభిప్రాయం కావాలనీ చెప్పాడు. సౌకర్యాలు, సబ్జెక్టు టీచర్లు, బంగారు భవిష్యత్తు అంటూ ఆయన చెప్పుకుపోతుంటే, అసలు బడి ఉంటుందో ఊడుతుందో సగం మందికి అంతుపట్టలేదు. కమిటీ ఛైర్మన్ ఫెబీ. ఆమె లేచి అడగబోయేలోపు ఆయన చేతులు జోడించి, "ముందు పెద్దాయన ప్రార్థన చేస్తారు," అన్నాడు.

ఆ కాలనీలో ప్రార్థన లేకుండా ఏ కూడిక మొదలు కాదు. కరుణాకరం సంఘపెద్ద. పాస్టరుగారు మార్కాపురం నుంచి వచ్చేది నెలకోసారి గనక మిగతా రోజుల్లో ప్రార్థన ఆయనదే. బోరు వేయడానికి లారీ వచ్చినా, పిల్లలకు చుక్కల మందు వేయడానికి నర్సమ్మ వచ్చినా, ఆయన నోట అధికారుల కోసం వచ్చేది ఒకే ప్రార్థన. "ప్రభువా, వీరు తలపెట్టిన కార్యమును సఫలము చేయుము. మమ్మును ఏకమనస్సు గలవారినిగా చేయుము." ఆ రోజూ అదే చేశాడు. జనం అలవాటుగా చేతులెత్తారు, అలవాటుగా ఆమేన్ అన్నారు. ఫెబీ కూడా అంది.

అధికారి వెంట వచ్చిన గుమాస్తా అదంతా ఫోనులో వీడియో తీసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి అధికారి అందరికీ ధన్యవాదాలు చెప్పి కారెక్కుతున్నాడు. కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించిందని మర్నాడు బడికి కబురొచ్చింది.

ఫెబీ లోపలికి వచ్చి మంచం పక్కన కింద కూర్చుంది.

"మామా, మండలాఫీసుకు పోదాం రా. ఆ సారు ముందర ఒక్క మాట చెప్తే చాలు. అది ప్రార్థనే, ఒప్పుకోలు కాదని."

కరుణాకరం లేచి కూర్చున్నాడు. 

"నేనేమని ప్రార్థించినా?"

"నువ్వెప్పుడూ అనేదే గదా. బోరు లారీ వచ్చినప్పుడూ అదే అన్నావు."

"బోరులో నీళ్ళు పడినప్పుడు ఏమన్నారు మీరంతా? పెద్దాయన ప్రార్థన దేవుడు విన్నాడన్నారు. అప్పుడు నిజమైన ప్రార్థన ఇప్పుడు ఉత్తది ఎట్లయితాదమ్మా?"



"దేవుని ముందర ఒకటి చెప్పి, ఆఫీసరు ముందర ఇంకొకటి చెప్పమంటావా?" అన్నాడాయన. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఫెబీ వాదించేది.

బడి పోవాలని ఆయన కోరుకోలేదు. ఆ మాట పగవాడు కూడా అనడు. చిన్నప్పుడు ఊరి బడిలో కరుణాకరాన్ని అరుగు మీద కూర్చోబెట్టి, లోపలి పాఠం కిటికీలోంచి విననిచ్చారు. ఆ అవమానం పడలేకే ఆయన తండ్రీ, మరికొందరూ కలిసి కాలనీలో ఒక కొట్టం వేసి మిషన్ పంతులును తెచ్చుకున్నారు. ఆ కొట్టమే తర్వాత సర్కారు బడి అయింది. అలాంటి బడిని ఆయన నోరే మూయించింది. కానీ నోటి నుంచి వెళ్ళిన మాట దేవుడి దగ్గరికి చేరిపోయిందని ఆయన నమ్మకం. అక్కడి నుంచి ఏ మండలాఫీసూ దాన్ని వెనక్కి తేలేదు.

"నేను రాలేనమ్మా," అని మళ్ళీ గోడవైపు తిరిగాడు.

ఫెబీ ఒక్కతే ఆటో ఎక్కింది.

అధికారి మంచివాడే. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. కసురుకునేవాడైతే ఫెబీ కూడా గట్టిగా మాట్లాడేది. ఆ మర్యాదతో ఆమె నోరు సగం కట్టుబడిపోయింది. అయినా అడగాల్సింది అడిగింది. కమిటీలో సగానికి పైగా గుంటూరు వైపు మిరపకోతలకు పోయి ఉన్నారు, ఆ రోజు ఉన్నది ముసలివాళ్ళూ చుట్టాలూ, వాళ్ళ చేతులు లెక్కలోకి ఎట్లా వస్తాయని.

"మీరు ఛైర్మన్. మీరక్కడే ఉన్నారు. అభ్యంతరం చెప్పలేదు కదమ్మా."

"ప్రార్థనకు ఎవరన్నా అడ్డం చెప్తారా సార్?"

ఆయన జాలిగా నవ్వాడు. "చూడండమ్మా, కమిటీ అంటే స్వతంత్రమైన సంస్థ. నేను చేసేది పర్యవేక్షణ మాత్రమే. మీ తీర్మానాన్ని నేను కొట్టేశాననుకోండి, రేపు అధికారి పెత్తనం చేశాడని మీరే అంటారు. కమిటీ చేసిన నిర్ణయంలో నేను వేలు పెట్టకూడదు."

"ఆ నిర్ణయం మేం చెయ్యలేదు సార్."

"చేశారు. మీకు తెలియకుండా చేసి ఉండొచ్చు."

కమిటీలు పెట్టిన కొత్తలో ఇదే ఆఫీసులో ట్రైనింగు ఇచ్చారు. బడి మీది, పెత్తనం మీది, సారు రాకపోతే అడిగే హక్కు మీది అని చెప్పి, అన్నం పెట్టి, సంచి ఇచ్చి పంపారు. ఫెబీ ఆ సంచి భుజాన వేసుకుని ఆ రోజు ఎంత గర్వంగా ఇంటికొచ్చిందో చెప్పలేం. ఇన్నాళ్ళూ ఆ హక్కుతో ఆమె సాధించింది మరుగుదొడ్డికి ఒక తలుపు. ఇప్పుడు మొదటిసారి కమిటీ మాటకు అంత విలువ వచ్చింది, అదీ కమిటీ అనని మాటకు.

వెళ్ళబోతుంటే ఆయనే పిలిచి ఒక దారి చెప్పాడు. కమిటీ చేసినదాన్ని కమిటీయే మార్చుకోవచ్చు. ఛైర్మన్ సమావేశం పిలవాలి, సగం మంది సభ్యులు రావాలి, వద్దని మళ్ళీ తీర్మానం చేయాలి. కలిపే బడుల జాబితా సోమవారం జిల్లాకు పోతుంది. ఆలోపు అయితేనే.

ఫెబీ ఆఫీసు మెట్లు దిగుతూనే మొగుడికి ఫోను చేసింది.

ఆనంద్ బాబు కోతల ముఠాకు మేస్త్రి. కమిటీ సభ్యులు చాలామంది ఆ ముఠాలోనే ఉన్నారు. సంగతంతా చెప్పి, సభ్యుల్ని తీసుకుని రమ్మంది.

"రైతు ఊరుకుంటాడా?" అన్నాడు ఆనంద్ బాబు. "కాయ చెట్టుమీదే ఎండి రాలతాందని పొద్దున్నే తిట్టినాడు. మేం పోతే ఇంకో ముఠాను దించుతాడు."

"పిల్లల బడి పోతాందయ్యా."

"నాయనతో చెప్పించరాదా ఆఫీసరుకు?"

"చెప్పడు."

"మా నాయన ఆమేన్ అన్నదానికి ఎదురుగా నన్ను చెయ్యెత్తమంటావు. అంతే గదా?"

"అంతే."

 ఫెబీ బతిమాలలేదు. ఆమెకు బతిమాలడం రాక కాదు. పుట్టింటి ఊరు రాచర్లలో తను చిన్నపిల్లగా ఉన్నప్పుడు అమ్మా నాయనల వెంట మిరపచేలకు పోయి, చదువు అక్కడే వదిలేసి వచ్చింది. చేతులకు పట్టిన ఆ మంట, కళ్ళు నులుముకుంటే వచ్చే ఏడుపు ఆనంద్ బాబుకు పెళ్ళైన కొత్తలోనే చెప్పింది. ఇప్పుడు మళ్ళీ చెప్పాల్సిన పని లేదు. బడి ఇంటిముందు ఉండి, మధ్యాహ్నం అన్నం పెడుతుంది గనకే తల్లిదండ్రులు పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలి కోతలకు పోతున్నారు. లారీలు తిరిగే రోడ్డు దాటించి తీసుకుపోవాలంటే ఏ ముసలామె తీసుకుపోగలదు? బడి రోడ్డు దాటిన మరుసటి కోతలకు పిల్లలు కూడా బండెక్కుతారు. అది అతనికీ తెలుసు.

"శనివారం సాయంత్రానికి తీసుకొస్తా," అన్నాడు ఆనంద్ బాబు. "ఆదివారం పొద్దున్నే కూర్చుందాం. సాయంత్రానికి మళ్ళీ బండెక్కాల."

ఇంటికొచ్చి ఫెబీ ఆ సంగతి మామకు ఎలా చెప్పాలా అని తటపటాయించింది. చెప్పక తప్పదు గనక అన్నాలయ్యాక చెప్పింది. సమావేశం బడిలో పెడుతున్నామని, ఈసారి నోటితో అడిగి చేతులెత్తిస్తామని. తర్వాత అసలు మాట అంది.

"ఆదివారం నువ్వు ఆడికి రావొద్దు మామా."

ప్రేమకుమారి చేతిలో చెంబు కింద పెట్టేసింది. కోడలివైపు చూసిన చూపులో కోపం కంటే భయం ఎక్కువ ఉంది. ఈ కాలనీలో పెళ్ళయినా చావయినా కరుణాకరం లేకుండా జరిగింది లేదు. ఆయనను రావద్దని చెప్పిన మొదటి మనిషి ఆయన కోడలే అయింది.

"నువ్వుంటే ప్రార్థన చేయమంటారు," అంది ఫెబీ.  "నువ్వు చేస్తే మళ్ళీ అందరూ ఆమేన్ అంటారు. నీకు ఎదురుగా ఎవరూ చెయ్యెత్తరు. ఆనందు కూడా ఎత్తడు."

"సరేలేమ్మా. రానులే," అన్నాడు కరుణాకరం.

 తర్వాత రెండు రోజులూ ఇంట్లో మాటలు నీళ్ళు తోడటం గురించీ, మేకకు మేత గురించీ మాత్రమే నడిచాయి. ఫెబీ కూతురు రూబీ మూడో తరగతి. పెద్దవాళ్ళ ముఖాలు చూసి అది కూడా పాఠం పైకి చదవడం మానేసింది.

శనివారం ఫెబీ ఉపాధిహామీ పనికి పోయింది. చెరువులో మట్టి తవ్వుతూ, రేపు చెప్పాల్సిన మాటలు మనసులో కూర్చుకుంది. చాలా రోజుల తర్వాత ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది. సభ్యులు బయల్దేరారని పొద్దున్నే ఆనంద్ బాబు ఫోను చేశాడు. వాళ్ళొస్తే సగానికి మించుతారు. చెయ్యెత్తడానికి భయపడేదేముంది?

ఎండ ముదిరాక ఇంటికొచ్చేసరికి రూబీ లేదు. తాత వెంట పోయిందని ప్రేమకుమారి చెప్పింది. ఎక్కడికని అడగబోతుండగా వాకిట్లో మోటారుసైకిలు ఆగింది. కాలనీ బడికి ఉన్న ఒకే ఒక్క టీచరు హరికృష్ణ. ఒంటిపూట బడి అయ్యాక ఆయన ఎప్పుడూ ఇంటికే పోతాడు గానీ ఇటు రాడు.

"పాపను ఊరి బడిలో చేర్చినట్టు మీకు తెలుసు కదమ్మా?" అన్నాడు, కూర్చోమన్నా కూర్చోకుండా.

ఫెబీకి అర్థం కాలేదు.

"నిన్న మీ మామగారు వచ్చి టీసీ అడిగారు. తల్లో తండ్రో రావాలన్నాను. తండ్రి గుంటూరులో ఉన్నాడు, నేను తాతను, నా మాట చాలదా అన్నారు. ఆయన ముఖం చూసి కాదనలేకపోయాను. మీ ఇంట్లో అనుకున్నారనుకున్నాను." ఆయన తల దించుకున్నాడు. "పొద్దున ఊరి బడిలో చేర్చేశారు. ఇందాక రేపటి సమావేశం నోటీసు పంపుదామని ఫోనులో బడి యాప్ తెరిస్తే, ఛైర్మన్ పేరు దగ్గర మీ పేరు లేదు."

"పేరెందుకు పోతుంది సార్?"

"బడిలో పిల్ల ఉన్నన్నాళ్ళే తల్లి కమిటీలో ఉంటుందమ్మా. పిల్ల వెళ్ళిపోతే సభ్యత్వం పోయినట్టే."

"సోమవారం మళ్ళీ తెచ్చి చేర్పిస్తా."

"చేర్పించండి. పిల్లను తీసుకుంటాను. పదవి మాత్రం తిరిగి రాదు. మళ్ళీ ఎన్నిక జరగాలి, దానికి తేదీ పైనుంచి రావాలి. అప్పటిదాకా సమావేశం పిలిచే అధికారం వైస్ ఛైర్మన్ బాలయ్యది."

బాలయ్య గొర్రెలు తోలుకుని నల్లమల అవతలికి పోయి నెల దాటింది. తొలకరి పడేదాకా రాడు. ఆయన ఫోను ఆయన భార్య దగ్గరే ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు గనక ఎవరూ పైకి అనలేదు.

ఫెబీ అరుగు మీద కూలబడింది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియని కోపం ఆమెను లోపల్లోపలే కాల్చింది. నియమం పెట్టినవాడు దుర్మార్గుడు కాడు. టీచరు దుర్మార్గుడు కాడు. మామ అంతకన్నా కాడు. ఒక్కడైనా చెడ్డవాడు ఉంటే ఆమెకు ఇంత ఒంటరిగా అనిపించేది కాదు.

అప్పుడే కరుణాకరం రూబీ చెయ్యి పట్టుకుని వచ్చాడు. ఆదివారం తర్వాత ఆయన ముఖంలో ఇంత తేట కనపడటం ఇదే. టీచరుకు నమస్కారం పెట్టి, కోడలి ఎదురుగా కూర్చున్నాడు.

"నీకు చెప్పకుండా చేసినా. కోపపడకమ్మా," అన్నాడు. "అన్న మాట వెనక్కి తీసుకోలేను. నా మాట వల్ల కాలనీవాళ్ళ పిల్లలు రోడ్డు దాటి పోతారు, నా మనవరాలు మాత్రం ఛైర్మన్ కూతురుగా ఈడ కూర్చుంటే ఎట్లా? పోతే ముందు నా ఇంటి పిల్లే పోవాల. రేపు నువ్వు చేతులెత్తించు. నేను ఆ దిక్కుకు కూడా రాను. బడి నిలబడితే నాకన్నా సంతోషించేది ఎవరు? ఇప్పుడు దేవునికీ మీకూ మధ్య నేను లేను."

"అమ్మా, అక్కడ ఒక్కో క్లాసుకు ఒక్కో టీచరుంది," అంది రూబీ. "నన్ను లోపల బెంచీ మీద కూర్చోబెట్టినారు."

ఆ మాటకు కరుణాకరం కళ్ళు చెమర్చాయి. హరికృష్ణ ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. ఫెబీ వద్దన్నట్టు చూసింది. ఆ ముసలాయన ముఖం వైపు చూస్తూ, నువ్వు చేసింది ఇదీ అని చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. రేపు చెప్పొచ్చు అనుకుంది. రేపు చెప్పి ప్రయోజనమేమిటో ఆలోచించలేదు.

పొద్దు వాలకముందే మినీలారీ వచ్చి చర్చి దగ్గర ఆగింది. ఎర్రటి దుమ్ము పట్టిన బట్టలతో, తలగుడ్డలతో జనం దిగారు. ఎవరి పిల్లలు వాళ్ళ మీదికి ఉరికారు. మిరపఘాటు అంటుతుందని తల్లులు చేతులు వెనక్కి పెట్టుకుని, ముఖాలతోనే పిల్లల్ని ముద్దాడారు.

ఆనంద్ బాబు ఫెబీని చూసి, పొద్దున ఎన్నింటికి కూర్చుంటున్నామని అడిగాడు. ఫెబీ బదులు చెప్పేలోపు రూబీ తండ్రి చంకెక్కి కొత్త బడి గురించి చెప్పేసింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా విన్నారు.

కమిటీ సభ్యుడు యోసేపు కరుణాకరం వైపు తిరిగాడు. "నిజమేనా పెద్దాయనా?"

"నిజమే. ముందు నా మనవరాలే పోవాలనుకున్నా," అన్నాడు కరుణాకరం. అందరి ముందూ ఆ మాట చెప్పుకోగలిగినందుకు ఆయన తల కొంచెం పైకి లేచింది.

యోసేపు కాసేపు నిలబడి ఆలోచించాడు. తర్వాత భార్యతో, చుట్టూ ఉన్నవాళ్ళతో కలిపి చెప్పినట్టు అన్నాడు. "పెద్దాయనే పంపినాడంటే ఇంకేముంది. ఛైర్మన్ కూతురే పోయింది. బడి లేనట్టే. ఇంక మీటింగు దేనికి, రేపటి కూలి పోగొట్టుకోని?"

ఎవరూ అతన్ని కాదనలేదు. ఒకామె డ్రైవరును ఇప్పుడే వెనక్కి తిప్పుతావా అని అడిగింది. ఇంకొకామె ఇంట్లోకి పోయి కొడుకు బట్టలు మూట కట్టుకొచ్చింది. తన అత్తకు రోడ్డు దాటడం రాదనీ, బడి లేని చోట పిల్లవాణ్ణి ఎవరిమీద వదలాలనీ ఎవరూ అడగకుండానే చెప్పుకుంటూ వాణ్ణి ఎత్తి లారీలో కూర్చోబెట్టింది. యోసేపు తన పిల్లలిద్దర్నీ ఎక్కించాడు. ఆ తర్వాత ఇక ఒకరిని చూసి ఒకరు. పిల్లలకు సంతోషంగానే ఉంది. బండెక్కి అమ్మ పక్కన కూర్చోవడం వాళ్ళకు పండగే. ఆదిలక్ష్మమ్మ బడి గేటు దగ్గర నిలబడి, తను రోజూ అన్నం పెట్టే పిల్లలు ఒక్కొక్కరే ఎక్కుతుంటే చూస్తోంది.

కరుణాకరానికి జరుగుతున్నది మెల్లగా అర్థమైంది. ఒక్కొక్కరి దగ్గరికీ పోయాడు. "నేనున్నా గదా. సోమవారం నుంచి పిల్లల్ని నేనే రోడ్డు దాటించి తీసుకపోతా. దించండయ్యా. చదువుకునే పిల్లలు." వాళ్ళు ఆయనకు నమస్కారం పెట్టారు, మా కోసం ప్రార్థన చెయ్యి పెద్దాయనా అన్నారు, పిల్లల్ని మాత్రం దించలేదు. ఆనంద్ బాబు లారీ తలుపు పట్టుకుని, ఎక్కాలో దిగాలో తెలియక నిలబడ్డాడు.

డ్రైవరు బండి స్టార్టు చేశాడు. కరుణాకరం తడబడుతూ వచ్చి కోడలి రెండు చేతులూ పట్టుకున్నాడు. 

"అమ్మా ఫెబీ, నా మాట వినడంల్యా. నువ్వు చెప్తే వింటారు. మీటింగు ఉంది, ఎవరూ పోవద్దని గట్టిగా చెప్పు. నువ్వు ఛైర్మన్‌వి గదమ్మా."

ఇంకా వెళ్ళకుండా మోటారుసైకిలు పక్కన నిలబడ్డ హరికృష్ణ వైపు ఫెబీ చూసింది. ఆయన ముఖం తిప్పుకున్నాడు. లారీలో జనం మాటలాపి, ఆమె ఏం చెబుతుందా అని ఎదురుచూస్తున్నారు.